సీసా లేనివాళ్ళ పుస్తకం

శాంతమూర్తి అన్నారండీ ఆవిణ్ణి! మొన్న ఆదివారం బందరులో సంతాపసభ పెట్టారు. ఒక పెద్దమనిషి లేచి, కండువా సర్దుకుని, "ఆమె సహనశీలి, శాంతమూర్తి, జన్మలో ఎవరినీ పల్లెత్తు మాట అనని సాధ్వి" అని కాగితం చూసి చదువుతుంటే, వెనక బెంచీ మీద కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయింది. శాంతమూర్తి ఏమిటి, నా తలకాయ! ఆవిడ నన్నన్న మాటలు గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు ఎర్రబడతాయి. నన్నే కాదు, మునసబుని అంది, బోర్డు ప్రెసిడెంటుని అంది, అవనిగడ్డ నుంచి గుర్రబ్బండి మీద వచ్చిన పెద్ద డాక్టర్ని మొహం మీదే అంది. పోయినవాళ్ళని పొగడాలనుకుంటే పొగడండి, ఎవరు కాదన్నారు? కానీ ఆ మనిషిని తీసేసి, ఆ చోట ఇంకెవరినో కూర్చోబెట్టి పొగుడుతారా?

లేచి రెండు ముక్కలు చెబుదామనుకున్నాను. లేవలేకపోయాను. అరవైకి దగ్గరపడుతున్నాను, సభల్లో మాట్లాడే అలవాటు లేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, అన్నం కూడా తినకుండా కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఆవిడ పేరు మాత్రం రాయను. రాస్తే ఈ పెద్దమనుషులు ఆ పేరుకి ముందో వెనకో ఏదో బిరుదు తగిలిస్తారు.

పొట్టి మనిషి. నలుపు. తెల్లచీర మోకాళ్ళ కిందికి కాస్త ఎత్తి కట్టేది, దివిసీమ బురదలో ఇంకోలా కడితే నడవలేరు. చేతిలో ఎప్పుడూ మగవాళ్ళ నల్లగొడుగు. వాన పడినా ఎండ కాసినా దాన్ని విప్పగా నేను చూసింది తక్కువ. కాలవగట్టు మీద బురద లోతు చూడ్డానికి, తలుపులు కొట్టడానికి, కుక్కల్ని అదిలించడానికి అదే. చెవులకి చిలకలపూడి గిల్టు కమ్మలు. ఎవరైనా ఆడవాళ్ళు దగ్గరికొచ్చి "బంగారమేనా అమ్మా?" అంటే, "గిల్టేనమ్మా. నాలో ఉన్న గిల్టు ఇంతవరకే" అనేది. అని తనే ముందు నవ్వేది, పెద్దగా, పళ్ళన్నీ కనబడేలా.

గుడివాడ దగ్గర ఒక ఊరి బయట పేటలో, కూలివాళ్ళింట్లో పుట్టింది. మిషను బళ్ళో చదువుకుని నర్సు పరీక్ష ప్యాసయింది. అయినా పుట్టింది పేటలో కాబట్టి ఊళ్ళో పెద్దిళ్ళ వాళ్ళు ఆవిణ్ణి గుమ్మం ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. వీధిలో నిలబెట్టి మాట్లాడేవాళ్ళు. దానికి ఆవిడ ఏం చేసేదో తెలుసా అండీ? వీధిలోనే నిలబడి, వీధి చివరి దాకా వినబడేలా అడిగేది. "ఏమండీ మునసబుగారూ! మీ మూలశంక ఎలా ఉంది? రక్తం ఇంకా పడుతోందా?" అని. మునసబుగారి మొహం చూడాలి అప్పుడు! రెండోసారి ఆవిడ ఆ వీధి మలుపులో కనబడగానే ఆయనే అరుగు దిగి ఎదురొచ్చాడు. "లోపలికి రామ్మా, లోపలికి రా, నీకు పుణ్యముంటుంది" అన్నాడు. ఆ తర్వాత ఆ వీధిలో ఆవిడకి అరుగెక్కడానికి అడ్డు చెప్పిన ఇల్లు లేదు.

ఇంకో అలవాటు. ఎవరు ఏం చెప్పినా మధ్యలో అడ్డు రాదు, బోధలు చెయ్యదు. వాళ్ళు ఆగిన చోట "తర్వాత?" అంటుంది. అంతే. వాళ్ళు ఇంకాస్త చెబుతారు. మళ్ళీ "తర్వాత?" అంటుంది. జనం ఆవిడకి తర్వాతమ్మ అని పేరు పెట్టేశారు. పొలాల్లో నాట్లేసే ఆడవాళ్ళు దూరం నుంచి గొడుగు చూసి, "తర్వాతమ్మొస్తందే, ఏం దాచినా లాగేస్తది" అని నవ్వుకునేవాళ్ళు.

ఇక నా సంగతి. అప్పుడు నేను దివిసీమలో ఒక ఊళ్ళో తాలూకా బోర్డు ఆస్పత్రి కాంపౌండర్ని. ఆస్పత్రి అంటే ఓ పెంకుటిల్లు, రెండు గదులు, ముందొక అరుగు. డాక్టరు గారు వారానికోసారి వచ్చేవారు. మిగతా ఆరురోజులూ డాక్టర్ని నేనే, కాంపౌండర్ని నేనే, రిజిస్టరు రాసే గుమాస్తాని నేనే. మా నాన్నగారు బందరు కచేరీలో గుమాస్తా. రూలంటే మా ఇంట్లో దేవుడి తర్వాత దేవుడు. గోడ మీద అట్ట వేలాడదీసి ఉండేది: మిక్శ్చరు కావలసినవారు బిరడాతో కూడిన శుభ్రమైన గాజుసీసా తెచ్చుకొనవలెను. పనివేళలు పొద్దున ఏడు నుంచి పదకొండు. నేను ఆ రూలుని తు.చ. తప్పకుండా పాటించేవాణ్ణి. సీసా ఇస్తే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాణ్ణి. కిరసనాయిలు వాసనొస్తే వెనక్కి. కల్లు వాసనొస్తే వెనక్కి. బిరడా బదులు గుడ్డపీలిక కుక్కి తెస్తే వెనక్కి. మురికి సీసాలో మందు పోసి ఒకరి ప్రాణం మీదికి తేవడం నాకిష్టం లేదు. నేను చేసేది మంచిపని అనే అనుకున్నాను, ఆరేళ్ళపాటు.

రాయని రూలు ఇంకొకటి ఉండేది. కాలవ అవతల పేటలో ఉండే కూలిజనం మా కంచె బయట నుంచోవాలి. ఊళ్ళోవాళ్ళ పని అంతా అయ్యాక వాళ్ళ వంతు. ఊళ్ళోవాళ్ళ పని అయ్యేసరికి పదకొండు కొట్టేది. పదకొండు కొట్టాక తలుపు మూయడం రూలు కదా మరి.

ఇలా ఉండగా రిజిస్టరులో పేర్లు తగ్గిపోతున్నాయనీ, జనం రాని ఊళ్ళో ఆస్పత్రి ఎందుకనీ బోర్డులో మాట లేచింది. దాన్ని చల్లపల్లి వైపు ఒక ఊరికి మార్చేద్దామని ప్రెసిడెంటు గారి ఆలోచన. ఆ ఊళ్ళో ఆయన బంధువులున్నారని అందరికీ తెలుసు. మా ఆస్పత్రి ఎత్తేస్తే, జ్వరమొచ్చిన కూలివాడు రెండు కాలవలు దాటి నాలుగు కోసులు నడవాలి. నడిచేవాడికి జ్వరమెలా ఉంటుంది, జ్వరమున్నవాడు ఎలా నడుస్తాడు? కానీ మార్చేముందు పై నుంచి ఎంక్వయిరీ చెయ్యమన్నారు. కూలిజనంలో పెద్దవాళ్ళు ఆస్పత్రికి ఎందుకు రావడం లేదో విచారించి రిపోర్టు ఇవ్వాలి. దానికి ఆవిణ్ణి వేశారు. ఆడమనిషి, మిషను నర్సు, చూపించినచోట సంతకం పెట్టి పోతుందిలే అనుకున్నారు. అక్కడే పప్పులో కాలేశారు.

పిల్లల సంగతి కాదు, పెద్దవాళ్ళ సంగతి అని ఎందుకు రాశారో మొదట నాకర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. "పిల్లలు జబ్బుపడితే అయ్యో అంటారండీ అందరూ. పాలు పోస్తారు. పెద్దవాడు జబ్బుపడితే ఎవరికీ జాలి ఉండదు. పన్లోకి రాలేదని కోపం మాత్రం ఉంటుంది."

మొదటిరోజే నన్ను పేటకి తీసుకెళ్ళింది. నాకు ఇష్టంలేదు. ఇంటికెళ్ళి మళ్ళీ తలస్నానం చెయ్యాలని దార్లో లెక్కలేసుకుంటూ నడిచాను, దాచడం దేనికి. ఆవిడ వెళ్ళి ఒక ఇంటి ముందు బోర్లించిన గంప మీద కూర్చుంది. నేను నిలబడ్డాను. ఆ ఇల్లాలి పేరు మంగమ్మ, ముప్ఫై ఏళ్ళుంటాయి. చాప అల్లుకుంటోంది.

"ఎందుకు ఆస్పత్రికి రారమ్మా మీరు?" అని నేనే గబుక్కున అడిగేశాను. నాకు త్వరగా తేలిపోవాలి.

మంగమ్మ నన్ను చూసి లేచి నిలబడింది. "తెలీనోళ్ళం బాబుగారూ. బుద్ధి లేనోళ్ళం" అంది.

నేను చూశారా అన్నట్టు ఆవిడ వైపు చూశాను. ఆవిడ గొడుగుతో నా కాలి మీద ఒకటి పొడిచింది, నిజంగానే పొడిచింది. "కాంపౌండరు గారూ, మీరు ఎందుకు రారు అని అడిగితే మీరు వినాలనుకున్నదే చెబుతారు వాళ్ళు. కాసేపు నోరు మూసుకోండి." మంగమ్మతో మెల్లగా, "కూర్చో అమ్మా. చాప ఆపకు. ఆఖరుసారి మీ ఇంట్లోవాళ్ళు ఆస్పత్రికి వచ్చినప్పుడు ఏమైందో చెప్పు" అంది.

"మా ఇంటాయనొచ్చాడమ్మా, నాట్లప్పుడు. చలిజ్వరం. ఒణికిపోతా వచ్చాడు."

"తర్వాత?"

"సీసా తెచ్చుకోమన్నారంట. సీసా యాడుందమ్మా మాకు? తిరిగొచ్చాడు. కామందు గారింటో అడిగితే పాత తలనూనె సీసా ఇచ్చారు. ఇసకేసి కడిగా. మళ్ళా పోయాడు."

"తర్వాత?"

"బిరడా లేదని పంపేశారంట."

"తర్వాత?"

"ఇంక ఎల్లలేదమ్మా. నాట్ల కూలి రెండురోజులు పోయింది. ఇంకా ఏం ఎల్తాడు."

ఆవిడ పెన్సిలు ఆపలేదు. "తర్వాత?" అంది.

"తర్వాతేముందమ్మా" అంది మంగమ్మ. చాప మీంచి తల ఎత్తలేదు. "ఏడోరోజు పోయాడు."

నాకు ఆ మనిషి మొహం గుర్తు రాలేదండీ. ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఇసకేసి కడిగిన తలనూనె సీసా గుర్తొచ్చింది. వాసన లేదు, శుభ్రంగా ఉంది, బిరడా లేదు. దాన్ని తిరిగి చేతికివ్వడం గుర్తొచ్చింది. అది పట్టుకున్న చెయ్యి గుర్తు లేదు. నేను ఆ మట్టిలోనే కూలబడ్డాను. మంగమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, ఇవ్వాలా వద్దా అని తటపటాయిస్తూ నిలబడింది. నేను తీసుకుని తాగాను. 

తిరిగొస్తూ కాలవగట్టు మీద నేను ఏడుస్తుంటే ఆవిడ ఓదారుస్తుందనుకున్నాను. "ఏడవండి, ఏడవండి. గట్టు దాటేలోపు కానిచ్చెయ్యండి, ఊళ్ళోకెళ్ళాక పనుంది" అంది. మహా కటువుగా అంది. శాంతమూర్తి!

ఆ పని ఇంకో పుస్తకం. మా రిజిస్టరులో మందు తీసుకున్నవాడి పేరే ఉంటుంది. మందు లేకుండా వెనక్కెళ్ళినవాడి పేరు ఎక్కడా ఉండదు. వాడు అసలు రానట్టే. ఆ వెనక్కెళ్ళినవాళ్ళని రాయమంది నన్ను. ఎవరొచ్చారు, ఏ జబ్బు, ఎందుకు వెనక్కెళ్ళారు.

"అంటే నా మీద నేనే ఫిర్యాదు రాసుకోవాలా?" అన్నాను.

"మరింకెవరు రాస్తారు? మీకు తప్ప ఎవరికీ తెలీదుగా" అంది.

ఎర్రట్ట నోటుబుక్కు. దాన్ని మేమిద్దరం సీసా లేనివాళ్ళ పుస్తకం అనేవాళ్ళం. మొదటి రెండువారాలు రూలు ప్రకారమే నడిపి, వెనక్కి పంపిన ప్రతివాడినీ రాయాలని ముందు అనుకున్నాం. మూడోరోజుకే ఆవిడ వల్ల కాలేదు. కంచె బయట కాలి పుండుతో ఒక ముసలి జాలరి నుంచుంటే చూసి, పుస్తకం మూసి, "రాసింది చాలు. ఇక రూలు మారుద్దాం. మార్చాక ఎంతమందొస్తారో కూడా తెలియాలిగా" అంది. పోస్టాఫీసులో చలిజ్వరానికి క్వయినా పొడి పొట్లాలు అమ్ముతారు కదా, మనం దాన్ని నీళ్ళలో కలిపి సీసా ఎందుకడగాలి, పొట్లమే కట్టివ్వండి అంది. పొట్లం కట్టడానికి లేని మందయితే ఇక్కడే తాగించి పంపండి, ముంతలో తాగుతారో దోసిట్లో తాగుతారో వాళ్ళిష్టం అంది. సాయంత్రం నాలుగింటి నుంచి దీపాలు పెట్టే దాకా తలుపు తెరవండి, పొలాల నుంచి వచ్చే వేళ అదే అంది. కంచె తలుపు ఆవిడే ఊడబీకి పక్కన పెట్టింది. ఊళ్ళో పెద్దలు గొణిగారు. మునసబుగారు గొణగలేదు, ఆయనకి ఆయన భయం ఉంది.

నెలరోజులు అలా నడిచింది. జనం వచ్చారండీ. మొదటివారం భయంభయంగా, కంచె ఊడిపోయినా కంచె ఉన్నచోటే ఆగేవాళ్ళు. ఆవిడ వెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చేది. తర్వాత వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. దగ్గులూ, పుండ్లూ, చలిజ్వరాలూ, కళ్ళకలకలూ, ఏళ్ళ తరబడి దాచుకున్న జబ్బులన్నీ నడుచుకుంటూ వచ్చాయి. నాకు వేళ్ళు నొప్పిపుట్టేవి పొట్లాలు కట్టికట్టి.

అప్పుడు బోర్డు వాళ్ళు పిలిచారు ఇద్దర్నీ. బోర్డు బంగళా వరండాలో ప్రెసిడెంటు గారూ, మెంబర్లూ కుర్చీల్లో ఉన్నారు. ఆవిడకి కుర్చీ వెయ్యలేదు. ఆవిడ గొడుగు గోడకి ఆనించి పైమెట్టు మీద కూర్చుంది.

"లేచి నిలబడమ్మా" అన్నాడు గుమాస్తా.

"మోకాళ్ళ నొప్పులండీ. ఆస్పత్రికెళ్దామంటే నా దగ్గర సీసా లేదు" అంది ఆవిడ.

ప్రెసిడెంటు గారు నోట్‌బుక్కు పేజీలు తిప్పుతూ, "ఏమ్మా నర్సమ్మా, ప్రజల అజ్ఞానం అని ఒక్కమాట రాస్తే పోయేదానికి ఇంత రామాయణమా?" అన్నారు.

"నేనూ ఒక్కమాటే రాశానండీ. ఆఖరు పేజీలో ఉంది."

"ఏమిటది?"

"వాళ్ళు వచ్చారు."

 ప్రెసిడెంటు గారు విసుక్కుని, "ఏమొచ్చారు? ఒంట్లో బాగాలేకపోతే మోపిదేవి వెళ్ళి మొక్కుకునే జనం. మూఢనమ్మకాలు" అన్నారు.

"అవునండీ, వెళ్తారు. గుడి బయట నుంచే దణ్ణం పెట్టుకుంటారు, లోపలికి రానివ్వరుగా. అయినా ఆ స్వామి సీసా తెచ్చావా అని ఎప్పుడూ అడగలేదండీ."

ఆయనకి మొహం కందగడ్డ అయింది. పుస్తకం బల్ల మీద పడేసి నా వైపు తిరిగారు. "ఏమయ్యా కాంపౌండరూ! ఇదంతా ఈవిడ కల్పించిందేనా? జబ్బుమనుషులు వస్తే నువ్వు వెనక్కి పంపుతావా? చెప్పు. ఆలోచించుకుని చెప్పు."

ఆలోచించుకోమనడంలో ఏముందో నాకు తెలుసు. పంపలేదండీ అంటే ఆవిడ అబద్ధాలకోరు, ఆస్పత్రి చల్లపల్లి వైపు వెళ్ళిపోతుంది. పంపానండీ అంటే నా ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో నా భార్యకి నెలలు నిండి ఉన్నాయి. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఆవిడ నా వైపు చూస్తుందేమో, కళ్ళతోనైనా అడుగుతుందేమో అని చూశాను. చూడలేదు. చీర అంచుకి ఎండిన బురద గోటితో గీక్కుంటోంది. నాకెంత కోపమొచ్చిందో చెప్పలేను. ఒక్కసారి అడగొచ్చుగా! బతిమాలొచ్చుగా! అడిగితే కాదనడానికైనా ఒక దారుండేది నాకు.

"పంపానండీ" అన్నాను.

"ఎంతమందిని?"

"పుస్తకంలో ఉన్నవాళ్ళని ఈమధ్య పంపానండీ. అంతకుముందు ఆరేళ్ళూ పంపినవాళ్ళని రాసుకోలేదు. అందులో ఒకాయన చచ్చిపోయాడు. నాకు తెలిసింది ఒకాయన సంగతే."

 ప్రెసిడెంటు గారు "ఈ పుస్తకం రికార్డులోకి రాదు" అన్నారు. అప్పటికే టైపు కొట్టి ఉంచిన కాగితం ఒకటి ఆవిడ ముందు పెట్టారు. అందులో ప్రజల అజ్ఞానం అన్న మాట నాలుగు చోట్ల ఉంది. సంతకం పెట్టమన్నారు. ఆవిడ ఆసాంతం చదివి, "ఇది నేను రాయలేదండీ. రాసినవారు సంతకం పెడితే బావుంటుంది" అని ఆయన చేతికే తిరిగిచ్చేసింది. అక్కడికక్కడే ఉద్యోగం తీసేశారు. నా సంగతి వేరే చూస్తామన్నారు.

నాలుగోరోజు మధ్యాహ్నం బోర్డు బంట్రోతు వచ్చాడు. ముసలివాడు, మంచివాడు, చేతిలో ఇంత తాళం. ఆస్పత్రి మూసెయ్యమని ఉత్తరువు. ఆవిడ ఇంకా ఊళ్ళోనే ఉంది. ఉద్యోగం పోయినదానివి ఇక్కడేం చేస్తున్నావని ఎవరో అడిగితే, "ఉద్యోగం ఉంటే పొమ్మనడానికి మీకు హక్కుండేది. ఇప్పుడు నన్ను పొమ్మనేదెవరు?" అందిట. వచ్చి ఉత్తరువు చదవమంది. చదివాను. హాజరైన రోగులకు మందిచ్చి, ఆ పైన తాళము వేసి తాళంచెవి అప్పగించవలెను అని ఉంది. అది బోర్డు గుమాస్తాల మామూలు రాత, ఎక్కడ ఏది మూసినా అలాగే రాస్తారు.

"ఆ ముక్క మళ్ళీ చదవండి" అంది. మళ్ళీ చదివాను. ఆవిడ గొడుగు తీసుకుని గబగబా పేట వైపు వెళ్ళింది. మంగమ్మతో ఏం చెప్పిందో నాకు తెలీదు.

కోతల రోజులవి. గంట తిరక్కుండా జనం వచ్చారు. నడుముకి కొడవళ్ళు దోపుకుని వచ్చారు. పాలెం నుంచి జాలర్లు వచ్చారు. పక్క ఊళ్ళ పేటల నుంచి గట్ల మీద వరసలు వరసలుగా వచ్చారు. జబ్బు నటించాల్సిన అవసరం ఎవరికీ రాలేదండీ, జబ్బు లేనివాడు ఎవడున్నాడు వాళ్ళలో? ఒకరికి పొట్లం కట్టేలోపు వెనక ఇద్దరు చేరేవాళ్ళు. బంట్రోతు అరుగు మీద తాళం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, వరస అయ్యాక వేద్దామని. చీకటి పడ్డా అరుగు మీద చలిజ్వరం వాళ్ళు దుప్పట్లు కప్పుకుని పడుకునే ఉన్నారు. వాళ్ళూ హాజరైన రోగులే. రెండోరోజు మునసబుగారు వచ్చారు దగ్గుమందుకి. వరస చూసి వెనక్కి తగ్గబోతుంటే ఆవిడ పట్టుకుంది. "రండి మునసబుగారూ, మీరు కూడా కావాలి. ఆ ముసలాయన వెనక నుంచోండి." నుంచున్నాడండీ! ఎప్పుడూ చూడని వింత. ఆయనకీ ఆస్పత్రి కావాలి కదా.

చెప్పేస్తున్నాను, ఆ తాళం పడనేలేదు, ఆస్పత్రి ఇవాళ్టికీ ఆ ఊళ్ళోనే ఉంది. సాయంత్రం పూట తెరుస్తారు, సీసా అడగరు. ఆ రూళ్ళు ఎవరు మార్చారో ఏ కాగితంలోనూ లేదు. నన్ను గుడివాడ విసిరేశారు, ఆవిడకి మళ్ళీ బోర్డు ఉద్యోగం రాలేదు. అవన్నీ సరే. నేను చెప్పదలుచుకున్నది మూడోరోజు సాయంత్రం సంగతి.

బంట్రోతు లేచి నా దగ్గరికొచ్చాడు. "ఇంక కూర్చోలేను బాబూ. ప్రెసిడెంటు దొరగారికి ఏం చెప్పను? నాలుగు ముక్కలు రాసివ్వండి, వేలిముద్ర వేసి పట్టుకెళ్తాను" అన్నాడు. రోగుల వరస తెగనందున తాళము వేయలేదు అని రాశాను. ఆవిడ భుజం మీంచి తొంగి చూసింది.

"రోగులంటే ఎవరు? పేర్లు రాయండి. పేర్లు లేకపోతే మళ్ళీ రాలేదంటారు."

"ఎవరితో మొదలుపెట్టమంటారు?"

"మంగమ్మ భర్తతో."

"ఆయన పోయాడుగదండీ."

"పోయాడు. పోయేముందు వచ్చాడుగా, రెండుసార్లు. వచ్చినవాళ్ళ పేర్లేగా రాస్తున్నాం?"

 బంట్రోతు నన్నూ ఆవిణ్ణీ చూసి, "రాయండి బాబూ. నాకు చదువు రాదుగా, ముద్ర వేసేస్తాను" అన్నాడు.

కలం సిరాలో ముంచి, వరసలో నుంచున్న మంగమ్మని అడిగాను. "మీ ఆయన పేరేంటమ్మా?"

మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. పోయినా పలకరు. పక్కవాళ్ళు చెబుతారు, లేకపోతే సైగ చేస్తారు. మంగమ్మ పక్కనున్నావిడ నోరు తెరవబోయింది. మంగమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. కొంగు తల మీంచి తీసి బొడ్లో దోపుకుని, వరసని తప్పించుకుంటూ వచ్చి నా బల్ల ముందు నిలబడింది. మునసబుగారికీ, బంట్రోతుకీ, గట్టు మీద ఉన్న ఆఖరు మనిషికీ వినబడేలా చెప్పింది.

"కోటయ్య."

రాశాను.